ఓడిపోయే హక్కు

మన కళాశాల క్రీడోత్సవం ఏటా ఎంత ఉల్లాసంగా జరుగుతుందో ఈ సంచిక చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు. సున్నపు గీతలు గీసిన మైదానం, వాలీబాలు, కబడ్డీ, షటిల్, విద్యార్థినులకు టెన్నికాయిట్, చిట్టచివర అధ్యాపకులకు సైతం కుర్చీలాట. ఇవన్నీ ముగిసిన పిమ్మట బహుమతి ప్రదానం. గెలిచినవారు గెలుపును, ఓడినవారు ఓటమిని వెంటబెట్టుకొని ఇండ్లకు వెళ్లే రోజు అది. గత క్రీడోత్సవం నాడు మాత్రం ఆ రెంటిలో ఏ ఒక్కటీ లేకుండా ఇంటికి వెళ్లవలసి వచ్చిన ఒక విద్యార్థిని మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నయే ఈ వ్యాసానికి మూలం.

ఆమె ఇంటర్మీడియట్ చదివే రోజులలో రోడ్డు ప్రమాదానికి గురియై, వెన్నుపూస దెబ్బతిని, చక్రాల కుర్చీకి పరిమితమైనది. ఉదయం తండ్రి ఆటోలో తీసుకువచ్చి దింపుతాడు. తెలుగు తరగతి మొదటి అంతస్తులో ఉన్నది. ఇరవై రెండు మెట్లు. తోటి విద్యార్థినులు నలుగురు కుర్చీని ఎత్తి ఆమెను పైకి చేరుస్తారు. ఆ నలుగురిలో ఒకరు రాని రోజున ఆమె క్రింద వరండాలోనే కూర్చుండి పాఠాన్ని ఇతరుల నోటుపుస్తకంలో చూసి వ్రాసుకొంటుంది. క్రీడోత్సవం నాడు వాలీబాలు స్కోరు పుస్తకం ఆమె చేతికి ఇచ్చాము. ఒక్క పొరపాటు లేకుండా నిర్వహించింది. ఒకచోట అంపైరు లెక్క తప్పితే సరిదిద్దింది కూడా. సాయంత్రం ఆమె పేరు పిలిచి, ‘ప్రోత్సాహక బహుమతి’ అని ప్రకటించి, ఒక స్టీలు టిఫిను డబ్బా అందజేశాము. ఆనాడు అందరికంటె ఎక్కువ చప్పట్లు ఆమెకే పడ్డాయి. మేమూ కొట్టాము.

జనం చెదిరిన తరువాత ఆమె డబ్బాను ఒడిలో పెట్టుకొని, ఏమాత్రం కోపం లేకుండా, “సార్, నేను ఏ పందెంలో ఓడిపోయానని ఇచ్చారు సార్ ఈ బహుమతి?” అని అడిగింది.

బహుమతుల జాబితా తయారుచేసిన అధ్యాపకులలో మేమూ ఒకరము. మా వద్ద సమాధానం లేకపోయింది. ఆ సమాధానం కోసం వెదకుచుండగా మాకు ఎదురైనది ఒక ఆస్ట్రేలియా దేశపు క్రీడాకారిణి జీవితం. ఆమె పేరు లీసల్ టెష్. చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ ఆటలో ఆమె ఎంతటి ఉన్నత శ్రేణికి చెందినదో, ఆ ఆటలో ఆమె ఎన్నిసార్లు ఓడిపోయినదో, రెండూ తెలుసుకొనదగిన విషయాలే. రెండవదే ఎక్కువ తెలుసుకొనదగినదని మా అభిప్రాయం.

ముందుగా ఆటను గురించి నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది. ఏలయన, ‘కుర్చీలో కూర్చుండి ఆడే ఆట’ అనగానే మనలో చాలమంది మనస్సులలో మెదిలేది ఆసుపత్రి వరండాలో రోగులు ప్రొద్దుపుచ్చుకొనే ఒక కాలక్షేపం. ఈ ఆట ఆసుపత్రులలోనే పుట్టిన మాట నిజమే. రెండవ ప్రపంచయుద్ధంలో వెన్ను విరిగి తిరిగివచ్చిన అమెరికా సైనికులు 1946 ప్రాంతంలో వైద్యశాలల వ్యాయామశాలలలో దీనిని ఆడనారంభించారు. అట్లే ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో, హిట్లరు జర్మనీ నుండి తప్పించుకొని వచ్చిన యూదు వైద్యుడు లుడ్విగ్ గట్‌మన్, వెన్నుపాము దెబ్బతిన్నవారి చికిత్సలో క్రీడలకు ప్రధాన స్థానమిచ్చాడు. 1948లో లండను ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన రోజుననే ఆయన తన ఆసుపత్రి ఆవరణలో పదహారుమంది క్షతగాత్రులైన స్త్రీ పురుష సైనికులకు విలువిద్యా పోటీ జరిపించాడు. ఆ చిన్న పోటీయే క్రమంగా పెరిగి 1960లో రోము నగరంలో పారాలింపిక్ క్రీడలుగా రూపొందినది. పురుషుల చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ ఆనాటి నుండియే ఉన్నది. స్త్రీలకు ఆ అవకాశం రావడానికి మరి యెనిమిది సంవత్సరాలు పట్టింది; 1968లో టెల్ అవీవ్‌లో జరిగిన పోటీలలో వారు తొలిసారి ఆడారు.

ఈ ఆట నియమాలను పరిశీలించినవారికి దీనిలో దయాదాక్షిణ్యాలకు ఎంత తక్కువ తావున్నదో బోధపడుతుంది. మైదానం 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. అంటే నిలబడి ఆడేవారి మైదానమే. బంతి వేయవలసిన వలయం ఎత్తు పది అడుగులు. కూర్చున్నవారి కోసం దానిని ఒక్క అంగుళమైనా దించలేదు. పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. బంతిని ఒడిలో పెట్టుకొని చక్రాలను రెండుసార్లు త్రోయవచ్చు. మూడవసారి త్రోయడానికి ముందు బంతిని నేలకు కొట్టి తీరవలసినదే. కుర్చీ ఆటగాని దేహంలో భాగంగా పరిగణింపబడుతుంది; కనుక ఎదుటివాని కుర్చీని అక్రమంగా ఢీకొంటే దేహాన్ని ఢీకొన్నట్లే తప్పు. బంతి అందుకొనడానికి ఆసనం నుండి పైకి లేవడం అంతకంటె పెద్ద తప్పు. ఆ కుర్చీ కూడ మన ఆసుపత్రులలో కనిపించే బరువైన కుర్చీ కాదు. చక్రాలు క్రిందివైపు ఎడంగా వాలి ఉంటాయి. అందువల్ల అది పడిపోకుండా చిటికెలో మలుపు తిరుగుతుంది. వెనుకకు పల్టీకొట్టకుండా చిన్న చక్రం ఒకటి ఉంటుంది. ఆటగాళ్లు తమను తాము పట్టీలతో కుర్చీకి బిగించుకొంటారు.

అన్నిటికంటె మమ్మల్ని ఆలోచింపజేసిన నియమం మరొకటి ఉన్నది. ప్రతి ఆటగానికీ అతని దేహశక్తిని బట్టి ఒకటి మొదలు నాలుగున్నర వరకు పాయింట్లు కేటాయిస్తారు. నడుముపై పట్టు బొత్తిగా లేనివారికి ఒకటి. లోపం మిక్కిలి స్వల్పంగా ఉన్నవారికి నాలుగున్నర. అంతర్జాతీయ పోటీలలో ఒక జట్టుకు చెందిన అయిదుగురు మైదానంలో ఉన్నపుడు వారి మొత్తం పద్నాలుగు దాటరాదు. అయిదుగురినీ దృఢమైనవారినే దింపుదామంటే మొత్తం ఇరవై రెండున్నర అవుతుంది, అది చెల్లదు. నాలుగున్నర, నాలుగు, మూడు పాయింట్లవారు ముగ్గురుంటే, ఒకటిన్నరవారు ఒకరు, ఒకటివారు ఒకరు ఉండక తప్పదు. అంటే అందరికంటె బలహీనమైన దేహం గలవారు లేనిదే జట్టు పూర్తి కాదన్నమాట. ఇది వారిపై జాలితో ఇచ్చిన చోటు కాదు. వారు లేక లెక్క కుదరదు. ప్రత్యర్థి దారిని తన కుర్చీతో అడ్డుకొని, తన జట్టువారికి వలయం వద్దకు దారి చేసేది తరచుగా ఈ తక్కువ పాయింట్ల ఆటగాడే. సమాజాన్ని గురించి పెద్ద గ్రంథాలు చెప్పదలచుకొన్న విషయాన్ని ఈ ఆట ఒక కూడికతో చెప్పిందని మాకు తోచినది.

ఇక లీసల్ టెష్ విషయానికి వద్దాము. ఆమె 1969లో జన్మించారు. పందొమ్మిదవ యేట కొండదారిలో సైకిలుపై నుండి పడి వెన్నెముక విరిగింది. కాళ్లు పూర్తిగా కాకపోయినా చాలవరకు స్వాధీనం తప్పాయి. మన విద్యార్థులలో అనేకులు ఇపుడు సరిగా ఆ వయస్సులోనే ఉన్నారు. తరువాతి నాలుగేళ్లలోనే ఆమె తన దేశపు స్త్రీల చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ జట్టులో స్థానం సంపాదించి, 1992లో బార్సిలోనా పారాలింపిక్ క్రీడలకు వెళ్లారు. ఆ జట్టుకు పతకం రాలేదు. 1996లో అట్లాంటాకు వెళ్లారు. అపుడూ రాలేదు. 2000లో క్రీడలు స్వదేశంలోనే, సిడ్నీ నగరంలో జరిగాయి. ఆస్ట్రేలియా జట్టు తుదిపోటీకి చేరింది. ఎదుట ఉన్నది అంతకు ముందు రెండుసార్లూ స్వర్ణం గెలిచిన కెనడా. తమ దేశ ప్రజల కండ్లయెదుటనే ఆస్ట్రేలియా ఓడిపోయి రజతంతో తృప్తిపడింది. 2004లో ఏథెన్సులో మరల తుదిపోటీ, మరల ఓటమి, మరల రజతం. ఈసారి గెలిచినది అమెరికా. 2008లో బీజింగులో కాంస్యం. పదహారు సంవత్సరాలు, అయిదు పారాలింపిక్ క్రీడలు, రెండు రజతాలు, ఒక కాంస్యం. బాస్కెట్‌బాల్‌లో స్వర్ణం మాత్రం ఆమెకు ఎన్నడూ దక్కలేదు.

ఈ వివరాలను మేము కొంత నెమ్మదిగా చెప్పడానికి కారణం ఉన్నది. ఇటువంటి జీవితాలను మన పత్రికలు వ్రాసే తీరు ఒకటి స్థిరపడిపోయింది. ‘వైకల్యాన్ని జయించిన ధీరవనిత’ అని శీర్షిక పెడతారు. ప్రమాదాన్ని ఒక పుట, కన్నీటిని ఒక పుట, పతకాన్ని ఒక వాక్యం వర్ణించి, ‘కాళ్లు లేనివారే ఇంత సాధించగా, అన్నీ ఉన్న మనమెంత సాధించాలి!’ అని ముగిస్తారు. అంటే ఆమె శ్రమ అంతా మనకు ఉత్సాహం కలిగించడానికే జరిగినట్లు! మేము ఈ ధోరణిని అంగీకరించలేము. లీసల్ టెష్ వైకల్యాన్ని జయించలేదు. అది ఈనాటికీ ఆమెతోనే ఉన్నది. ఆమె జయించబూనినది కెనడా జట్టును. జయించలేకపోయినది కూడ కెనడా జట్టునే. వెన్ను విరిగినది కదా అని ఆ జట్టు ఆమెకు ఒక్క బుట్ట వదలిపెట్టలేదు. వదలిపెట్టి ఉంటే ఆమె దానిని అవమానంగా భావించి ఉండేవారు. ఎదుటివారు తమ పూర్తి బలంతో మనపై ఆడడమే మనకు వారిచ్చే గౌరవం. ఓడిపోవడానికి కూడ ఒక యోగ్యత కావాలి. పందెంలోకి రానివ్వబడినవాడే ఓడిపోగలడు.

మా విద్యార్థిని అడిగిన ప్రశ్నకు సమాధానం ఇక్కడ మాకు దొరికినది. ఆమె ఏ పందెంలోనూ ఓడిపోలేదు. ఏలయన ఏ పందెంలోనూ మేము ఆమెను చేర్చలేదు. చేర్చని తప్పును ఒక స్టీలు డబ్బాతో, నిండు చప్పట్లతో కప్పిపుచ్చుకొన్నాము.

లీసల్ టెష్ కథ బీజింగుతో ముగియలేదు. ఐరోపాలో ఈ ఆటకు సంఘాలు, లీగు పోటీలు ఉన్నాయి. ఆటగాళ్లకు వేతనాలిచ్చి ఆడిస్తారు. ఆ పోటీలలో స్త్రీ పురుషులు ఒకే జట్టులో కలిసి ఆడవచ్చును. అక్కడ పురుషుల నడుమ వేతనంపై ఆడిన తొలితరం స్త్రీలలో ఆమె ఒకరు. స్వదేశంలో ఆమె వృత్తి ఉన్నత పాఠశాలలో భూగోళశాస్త్ర బోధన. ఒక ఉపాధ్యాయిని ప్రపంచపటంపై తాను వేలుపెట్టి చూపే నగరాలలో తానే ఆడి, గెలిచి, ఓడి వచ్చి మరల నల్లబల్ల ముందుకు రావడం బోధనావృత్తిలో ఉన్న మాకు ప్రత్యేకంగా సంతోషం కలిగించిన విషయం.

నలభయ్యవ పడిలో ఆమె బాస్కెట్‌బాల్ విడిచి తెరచాప పడవల పోటీలోకి మారారు. మెడ క్రింది భాగం చాలవరకు చచ్చుబడిన డేనియల్ ఫిట్జ్‌గిబ్బన్ అనే నావికునితో కలిసి ఇద్దరు నడిపే పడవలో 2012లో లండను క్రీడలలో స్వర్ణం గెలిచారు. బాస్కెట్‌బాల్‌లో ఇరవై యేండ్ల క్రిందట ఆరంభించిన అన్వేషణ నీటిపై ఫలించింది. 2016 జూన్‌లో సాధన కోసం రియో నగరానికి వెళ్లినపుడు పట్టపగలు దుండగులు తుపాకి చూపి ఆమె సైకిలును అపహరించారు. ఆ భయం మానకముందే, సెప్టెంబరులో అదే నగరానికి తిరిగివెళ్లి రెండవ స్వర్ణం గెలిచారు. ఆ క్రీడల తరువాత పడవ పోటీలనే పారాలింపిక్ జాబితా నుండి తొలగించారు. ఆమె మరుసటి సంవత్సరం, 2017 ఏప్రిల్‌లో, గాస్‌ఫర్డ్ నియోజకవర్గపు ఉపయెన్నికలో గెలిచి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర శాసనసభలో అడుగుపెట్టారు. 2019లోనూ 2023లోనూ ప్రజలు ఆమెనే తిరిగి ఎన్నుకొన్నారు.

ఇక్కడ ఒక చిన్న భాషా విషయం. ‘కుర్చీ’ అన్న మాట ఉర్దూ నుండి తెలుగులోనికి వచ్చి మన యింటి మాటయై కూర్చున్నది. మన వాడుకలో కుర్చీ అంటే అధికారం కూడ. ‘కుర్చీ కోసం తగవులాడుతున్నారు’ అంటాము. ‘కుర్చీ దిగిపోయాడు’ అంటాము. కాని అదే మాటకు ముందు ‘చక్రాల’ అన్న విశేషణం చేర్చగానే అధికారమంతా ఎగిరిపోయి జాలి వచ్చి చేరుతుంది. లీసల్ టెష్ ఒక కుర్చీ నుండి మరొక కుర్చీకి చేరుకొన్నారు. రెండూ ఆమె కష్టపడి సంపాదించుకొన్నవే. అట్లే ‘హక్కు’ అన్నదీ అదే దారిన వచ్చిన మాట. ఈ సంచికను కుడి అట్ట నుండి తెరచి ఉర్దూ భాగం చదివేవారికి, ఎడమ అట్ట నుండి తెరచి తెలుగు భాగం చదివేవారికి, ఇరువురికీ ఆ మాట ఒకే అర్థమిస్తుంది. దానికి పర్యాయపదంగా ‘దయ’ను ఏ నిఘంటువూ చెప్పలేదు.

‘పట్టుదల ఉంటే ఎవరైనా సాధించవచ్చును’ అని ఈ కథకు నీతి చెప్పడం సులభం. పట్టుదల లేనిదే ఏదీ సాధ్యం కాదన్నది నిజమే. అయితే పట్టుదల ఒక్కటే ఆమెను బార్సిలోనాకు చేర్చలేదు. ఆ దేశంలో స్త్రీలకు ఒక జట్టు ఉన్నది, శిక్షకుడు ఉన్నాడు, ఆటకు తగిన కుర్చీ ఉన్నది, కుర్చీతో లోనికి వెళ్లగల వ్యాయామశాల ఉన్నది, పిలిచి, ‘రా, ఆడు’ అన్నవారున్నారు. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా అంతటి పట్టుదలా ఇంటి నాలుగు గోడల నడుమనే అణగిపోయి ఉండేది. మన దేశంలో అట్లు అణగిపోయిన పట్టుదలలు ఎన్ని ఉన్నవో లెక్కించినవారు లేరు. పందెంలోకి రానివారి పేర్లు స్కోరు పుస్తకంలో ఉండవు కదా.

మన దేశంలో ఏమీ జరగలేదని మా భావం కాదు. ఈ ఆటకు భారతదేశంలో ఒక సమాఖ్య ఏర్పడినది 2014లో. దాని స్థాపనకు నాయకత్వం వహించి అధ్యక్షురాలైన మహిళ మన తెలుగు ఆడపడుచే. ఖమ్మం జిల్లా సత్తుపల్లికి చెందిన మాధవీలత గారు పసితనంలోనే పోలియో బారిన పడినా చదువుకొని, చెన్నైలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ, నడివయస్సులో వైద్యుల సలహాపై నీటిలోనికి దిగి, ఈతలో జాతీయస్థాయి విజేతగా నిలిచారు. అంతటితో తృప్తిపడక, తనవంటివారు జట్టుగా ఆడే ఆట ఒకటి ఉండాలన్న తలంపుతో ఈ సమాఖ్య నిర్మాణానికి పూనుకొన్నారు. ఈ విషయం మన విద్యార్థులలో ఎంతమందికి తెలుసునో మాకు సందేహమే. క్రికెట్టు ఆటగాళ్ల పరుగుల లెక్కలు కంఠస్థం చేసినవారికి కూడ సత్తుపల్లి బిడ్డ పేరు తెలియకపోవడం వారి తప్పు కాదు. చెప్పని మా తప్పు.

ఆ సమాఖ్య నీడలోనే కాశ్మీరు నుండి ఇద్దరు యువతులు ముందుకు వచ్చారు. బడ్గామ్ జిల్లాకు చెందిన ఇన్షా బషీర్ చిన్న వయస్సులోనే మేడపై నుండి పడి నడక కోల్పోయారు. తరువాత జమ్మూ కాశ్మీర్ స్త్రీల చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ జట్టుకు నాయకురాలైనారు. బారాముల్లా ప్రాంతపు ఇష్రత్ అఖ్తర్ కూడ అట్లే మేడపై నుండి పడినవారే. 2019లో థాయిలాండులో జరిగిన ఆసియా-ఓషియానియా పోటీలలో భారత జట్టు పక్షాన ఆడారు. ‘ఆడపిల్ల, అందులోనూ కుర్చీలో ఉన్న పిల్ల, ఆటలెందుకు?’ అని మన యిండ్లలో వినిపించే ప్రశ్నకు ఆ యిద్దరూ మాటలతో కాక బంతితో సమాధానం చెప్పారు. ఇన్షాకూ ఇష్రత్‌కూ దొరికినదీ, మా విద్యార్థినికి దొరకనిదీ ఒక్కటే: ఆడే చోటు.

ఈ సందర్భంలో కళాశాల పాలకవర్గం వారికి కొన్ని మాటలు సవినయంగా మనవి చేయదలచినాము. 2016లో మన పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టం చేసినది. అది 2017 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది. దాని పదహారవ సెక్షను ప్రభుత్వ సహాయమో గుర్తింపో పొందిన విద్యాసంస్థలన్నిటికీ వర్తిస్తుంది. భవనాలు, ఆవరణ, సౌకర్యాలు వారికి అందుబాటులో ఉండాలని అందులో ఉన్నది. అంతేకాదు, చదువుతోపాటు క్రీడా వినోద అవకాశాలను కూడ ఇతరులతో సమానంగా కల్పించాలని స్పష్టంగా ఉన్నది. ‘క్రీడ’ అన్న మాటను చట్టం మరచిపోలేదు, మనమే మరచిపోయాము. ఒకప్పుడు ఈ సోదరీసోదరులను నోటికి రాని పేర్లతో పిలిచేవారు. తరువాత ‘వికలాంగులు’ అన్నారు. ఇటీవల ‘దివ్యాంగులు’ అంటున్నారు. పేరు దివికెక్కినది, మెట్లు మాత్రం భూమి మీద అట్లే ఉన్నాయి.

దీనికి వచ్చే ఆక్షేపణలను మేము ఎరుగుదుము. మొదటిది ఖర్చు. ర్యాంపు కట్టడానికి అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది స్థిరపడిన కొలత. మన ముఖద్వారం వద్ద ఉన్న మూడు మెట్ల ఎత్తు అడుగున్నరకు మించదు. పద్దెనిమిది అడుగుల వాలు చాలును. అది వార్షికోత్సవపు షామియానా కంటె దుబారా అయినది కాదు. ఆ విద్యార్థిని చదివే తరగతిని క్రింది అంతస్తులోకి మార్చడానికి ఒక్క పైసా అవసరం లేదు. టైంటేబులులో రెండు గళ్లు మార్చితే చాలును. ఆ మార్పును ఇన్నాళ్లూ కోరనందుకు ఆ శాఖకు చెందిన మేము ముందుగా సిగ్గుపడుతున్నాము. నలుగురు విద్యార్థినులు మోస్తూనే ఉన్నారు కదా అనుకొన్నాము. మోయబడేవారికి ఎట్లుంటుందో ఆలోచించలేదు.

రెండవ ఆక్షేపణ: ‘ఇటువంటి విద్యార్థులు ఒకరిద్దరే కదా!’ అన్నది. ఈ తర్కం తలక్రిందులైనది. మెట్లున్నచోటికి రాలేక ఆగిపోయినవారిని లెక్కించకుండా, వచ్చిన ఒక్కరిని లెక్కించి, ఒక్కరే ఉన్నారనడం న్యాయం కాదు. మూడవది, ‘వారికి చదరంగమో క్యారమో పెడితే సరిపోదా?’ అన్నది. పెట్టవలసినదే, కాని అంతటితో సరిపోదు. చెమటపట్టడం, ఊపిరి బిగబట్టడం, ఎదుటివారిని ఢీకొనడం, పడి లేవడం, ఇవి కూడ యౌవనానికి చెందిన ఆనందాలు. వాటిని కాళ్లున్నవారికి మాత్రమే వ్రాసి ఇచ్చిన శాసనమేదీ లేదు. కూర్చుండి గుండు విసరడం, డిస్కస్ విసరడం పారాలింపిక్ క్రీడలలో ఉన్నవే. వాటికి కావలసినది గట్టిగా బిగించిన ఒక ఆసనం, ఇప్పటికే మన గదిలో ఉన్న గుండు. చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్‌కు ఒక్క కళాశాలలో పదిమంది దొరకకపోవచ్చును. కాని జిల్లాలోని కళాశాలలన్నీ కలిస్తే దొరకరా? ఆటకుర్చీలను ఉమ్మడిగా సమకూర్చుకొనవచ్చును. మన ఫిజికల్ డైరెక్టరు గారు ఈ విషయమై సమాఖ్యవారికి ఒక ఉత్తరం వ్రాసేందుకు పాలకవర్గంవారు అనుమతించాలని మా ప్రార్థన.

విద్యార్థినీ విద్యార్థులారా! మీకు చెప్పవలసినది తక్కువే. మీ స్నేహితురాలి కుర్చీని మీరు మోసినందుకు మిమ్మల్ని అభినందిస్తున్నాము. కాని అంతకంటె గొప్ప స్నేహం ఒకటి ఉన్నది. ఆమెతో క్యారమ్ ఆడేటపుడు ఎఱ్ఱబిళ్ల వదలిపెట్టకండి. వక్తృత్వపు పోటీలో ఆమె వాదం బలహీనంగా ఉంటే జాలిపడి ఊరుకొనకుండా ఖండించండి. ఆమె గెలిస్తే అసూయపడండి. తోటివారి గెలుపునకు పడే అసూయయే మీ తోటివారికి మీరిచ్చే గుర్తింపు. ఆమె ఓడితే, ‘పోనీలే పాపం’ అనకండి. ‘వచ్చేసారి చూసుకొందాం’ అనండి.

రాబోయే క్రీడోత్సవపు పోటీల జాబితా త్వరలోనే తయారవుతుంది. స్కోరు పుస్తకం వ్రాయడానికి ఈసారి మేము కూర్చుంటాము. ఆ జాబితాలో కూర్చుండి గుండు విసిరే పందెం ఒకటి ఉండాలి. అందులో మా విద్యార్థినితోపాటు, కుర్చీలో కూర్చుండి విసరడానికి సిద్ధపడిన ఇతర విద్యార్థినుల పేర్లు కూడ ఉండాలి. ఆమె గెలవవచ్చును. నాలుగవ స్థానంలో రావచ్చును. నాలుగవ స్థానానికి మన కళాశాలలో బహుమతి లేదు, ఆమెకూ ఉండనక్కరలేదు. ఆ సాయంత్రం ఆమె వట్టిచేతులతో ఇంటికి వెళ్లి, తండ్రితో, “ఈసారి ఓడిపోయాను నాన్నా” అని చెప్పగలిగిననాడు, ఆమె ప్రశ్నకు మేము సమాధానం చెప్పినట్లు భావిస్తాము.